తలూపిన రోగిని ఎవరూ ప్రశ్నించరు

వైద్యుడు సూచించిన చికిత్సకు రోగి సరేనంటే, అతనికి విషయం నిజంగా అర్థమైందా లేదా అని మళ్లీ అడిగేవాళ్లు ఆసుపత్రిలో దాదాపు ఉండరు. అదే రోగి వద్దన్నాడంటే కాసేపట్లో పెద్ద డాక్టరు వస్తారు, బంధువులను పిలిపిస్తారు, మనిషి స్థిమితంగానే ఉన్నాడా అని మానసిక వైద్యుడి అభిప్రాయం కూడా కోరతారు. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే వృత్తిలో చాలాకాలంగా ఉన్నందువల్ల ఈ తేడాను నేను దగ్గర నుంచి చూస్తూ వచ్చాను. రోగి స్వయంనిర్ణయాధికారం గురించి సభల్లో, వ్యాసాల్లో జరిగే చర్చంతా నిరాకరణ చుట్టూనే తిరుగుతుంది. రక్తం ఎక్కించవద్దన్నవారి గురించి, వెంటిలేటర్ తీసేయమన్నవారి గురించి, కాలు తీయనివ్వనన్నవారి గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ మాట్లాడవలసినవే. కాని అలాంటి రోగి అరుదుగా ఎదురవుతాడు. సరేనని తలూపే రోగి రోజూ ఎదురవుతాడు. నా అభిప్రాయంలో వైద్యనీతికి జరిగే నష్టం ఎక్కువగా ఆ తలూపు దగ్గరే జరుగుతోంది.

మత్తు ఇచ్చే వైద్యుడు ఆపరేషన్‌కు ముందురోజే రోగిని చూడాలి. గుండె, ఊపిరితిత్తుల పరిస్థితి, పాత జబ్బులు, వాడుతున్న మందులు, నోరు ఎంతవరకు తెరుచుకుంటుంది, ఊగుతున్న పళ్లేమైనా ఉన్నాయా, ఇంతకుముందు మత్తు తీసుకున్నప్పుడు ఏదైనా ఇబ్బంది వచ్చిందా అన్నవి అడిగి రాసుకుంటాం. అప్పటికి సర్జన్ చెప్పవలసింది చెప్పి వెళ్లిపోయి ఉంటారు, సంతకం చేసిన సమ్మతి పత్రం కేస్ షీట్‌లో చేరిపోయి ఉంటుంది. నా వివరాలన్నీ రాసుకున్నాక చివర్లో ఒక మాట అడగడం నాకు అలవాటు: "రేపు మీకు ఏం చేయబోతున్నారో మీ మాటల్లో నాకు చెప్పండి." ఇది పరీక్ష కాదని, చెప్పింది సరిగ్గా చెప్పామో లేదో తెలుసుకోవడం కోసమేనని కూడా అంటాను, లేకపోతే పెద్దవాళ్లు కూడా బడిపిల్లల్లా కంగారు పడతారు.

ఒక సాయంత్రం పెద్దపేగు చివరిభాగంలో గడ్డ ఉన్న ఒకావిడను ఇదే అడిగాను. "గడ్డ తీసేసి కుట్లు వేస్తారట డాక్టరు గారూ, వారం పది రోజుల్లో ఇంటికి పంపించేస్తామన్నారు" అన్నారు. ఆవిడ సంతకం చేసిన కాగితంలో నాలుగో వరుసలో "అవసరమైతే కొలోస్టమీ" అని ఉంది. అదేమిటో తెలుసా అంటే, ఆపరేషన్ తర్వాత చేసే ఏదో పరీక్ష అనుకున్నానన్నారు. పేగు చివరను పొట్ట మీదకు తెచ్చి తెరిచి ఉంచుతారని, మలం ఆ దారిన ఒక సంచిలోకి వస్తుందని, కొందరికి అది కొన్ని నెలలైతే మరికొందరికి జీవితాంతం ఉంటుందని ఆవిడకు తెలియదు. సర్జన్‌కు ఫోన్ చేశాను. ఆయన వచ్చి, "నిన్న చెప్పాను కదమ్మా" అన్నారు. నిజంగానే చెప్పి ఉంటారు. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక మనిషి బుర్రలోకి ఆ తర్వాతి మాటలు ఎన్ని వెళతాయన్నది వేరే సంగతి. ఆయన మంచం అంచున కూర్చుని, కాగితం వెనకవైపు పేగు బొమ్మ గీసి, సంచి ఎక్కడ వస్తుందో ఆవిడ పొట్ట మీద పెన్నుతో చిన్న గుర్తు పెట్టి చూపించారు. ఆవిడ అడిగిన ప్రశ్నలు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు: వంగి పని చేసుకోవచ్చా, స్నానం చేసేటప్పుడు తీసేయాలా, వాసన పక్కవాళ్లకు తెలుస్తుందా, పక్కమీద ఒత్తిగిలి పడుకుంటే ఊడిపోతుందా. రాత్రి ఆలోచించుకుని పొద్దున చెబుతానన్నారు. పొద్దున సరేనన్నారు.

పైపైన చూస్తే ఈ వ్యవహారంలో మారిందేమీ లేదు. అదే ఆపరేషన్, అదే సర్జన్, మొదటి రోజూ సమ్మతే, రెండో రోజూ సమ్మతే. కాని మొదటి రోజు ఆవిడ ఒప్పుకున్నది మేం చేయబోయే పనికి కాదు, తన ఊహలో ఉన్న ఇంకేదో పనికి. మత్తులోంచి మేల్కొని పొట్ట మీద సంచిని చూసుకుని ఉంటే, ఆ కాగితం కోర్టులో మాకు రక్షణగా నిలిచి ఉండేదేమో. ఆవిడ దృష్టిలో మాత్రం అడగకుండా చేసిన పనే అయ్యేది.

అడగకుండా చేసిన పని అన్నది కొత్త సమస్య కాదు. మేరీ ష్లోండార్ఫ్ అనే మహిళ 1908లో న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రిలో ఈథర్ మత్తులో పరీక్ష చేయించుకోవడానికి మాత్రమే ఒప్పుకుంది, ఆపరేషన్ వద్దని చెప్పింది. మత్తులో ఉండగా వైద్యులు గర్భాశయంలోని కణితిని తీసేశారు. తర్వాత ఆమె ఎడమ చేతికి గ్యాంగ్రీన్, అంటే రక్తం అందక కండ కుళ్లిపోయే జబ్బు, సోకి కొన్ని వేళ్లు పోయాయి. ఆ కేసులో 1914లో న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో, వయసు వచ్చి, బుద్ధి స్థిమితంగా ఉన్న ప్రతి మనిషికీ తన శరీరానికి ఏం జరగాలో తేల్చుకునే హక్కు ఉందని, అనుమతి లేకుండా కోసిన సర్జన్ దాడి చేసినవాడితో సమానమని రాశారు. వైద్యనీతి పాఠాలన్నీ ఈ వాక్యంతోనే మొదలవుతాయి. ఆ పాఠాల్లో చాలావరకు చెప్పని సంగతేమిటంటే, కేసు ఆమె ఓడిపోయింది. అది ధర్మాసుపత్రి కనుక దాని మీద బాధ్యత మోపలేమని అదే తీర్పు తేల్చింది.

సరిగ్గా అటువంటిదే భారత సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పిన సమీరా కోహ్లి కేసు. పొట్టలోకి సన్నని గొట్టం పంపి చూసే లాపరోస్కోపీ పరీక్ష కోసమని మత్తు తీసుకున్న నలభై నాలుగేళ్ల మహిళకు, ఆమె స్పృహలో లేని సమయంలో బయట ఉన్న ఆమె తల్లి అనుమతి తీసుకుని గర్భాశయాన్ని, అండాశయాలను తొలగించారు. ప్రాణం మీదకు వచ్చిన అత్యవసరమేమీ లేదు, ఆమె మేల్కొనేదాకా ఆగవచ్చు, వయసు వచ్చిన మనిషి తరఫున తల్లి ఇచ్చే అనుమతి చెల్లదు, పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు ఇచ్చినట్లు కాదు అని కోర్టు స్పష్టంగా చెప్పింది. తొంభై నాలుగేళ్ల తేడాతో, రెండు వేర్వేరు దేశాల్లో వచ్చిన ఈ రెండు తీర్పుల్లోనూ జరిగింది ఒక్కటే: రోగి చిన్న విషయానికి చెప్పిన ఔనును, ఆమె నిద్రలో ఉండగా సాగదీసి, పెద్ద విషయానికి వర్తింపజేశారు. రెండు చోట్లా చేసినవాళ్లు చెడ్డ ఉద్దేశంతో చేశారని నేననుకోను. ఎలాగూ మత్తులో ఉంది, ఎలాగూ తీయవలసిందే, మళ్లీ మత్తు ఎందుకు అన్న ఆలోచన ఆపరేషన్ థియేటర్‌లో ఎంత సహజంగా వస్తుందో నాకు తెలుసు. అందుకే సాధారణంగా ఎదురుపడగల అవకాశాలన్నీ మత్తు ఇవ్వకముందే మాట్లాడేసుకోవాలి. థియేటర్‌కు తీసుకెళ్లే ముందు నిద్రకోసం ఇచ్చే మందు పడ్డాక అడిగి తీసుకునే సంతకానికి విలువ లేదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

ఇప్పుడు కాదన్న రోగి సంగతికి వద్దాం. ఇంగ్లండ్‌లో 1993లో తీర్పు వచ్చిన ఒక కేసులో రోగి పేరును కోర్టు 'సి' అన్న ఒక్క అక్షరంతోనే పేర్కొంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. తీవ్రమైన స్కిజోఫ్రీనియాతో బ్రాడ్‌మూర్ మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. తాను ప్రపంచ ప్రఖ్యాతి పొందిన వైద్యుణ్ణని నమ్మేవాడు. పాదానికి గ్యాంగ్రీన్ వచ్చింది, మోకాలి కింద తీసేయకపోతే బతికే అవకాశం నూటికి పదిహేను పాళ్లేనని సర్జన్ అంచనా వేశారు. అతను తీయనివ్వనన్నాడు. ఒక్క కాలితో బతకడం కంటే రెండు కాళ్లతో చనిపోవడమే మేలన్నాడు. కత్తి పెట్టకుండా చేసే చికిత్సకు ఒప్పుకున్నాడు, దానితో అప్పటికి గండం గడిచింది. ఇకముందు కూడా తన అనుమతి లేకుండా కాలు తీయబోమని హామీ ఇవ్వడానికి ఆసుపత్రి సిద్ధపడకపోవడంతో వ్యవహారం కోర్టుకు వెళ్లింది. న్యాయమూర్తి చూసింది అతని జబ్బు పేరును కాదు. చికిత్స గురించి చెప్పిన సమాచారాన్ని అతను అర్థం చేసుకుని గుర్తుంచుకోగలుగుతున్నాడా, దాన్ని నమ్ముతున్నాడా, లాభనష్టాలను తూచి ఒక నిర్ణయానికి రాగలుగుతున్నాడా అన్నవే చూశారు. గ్యాంగ్రీన్ వచ్చిందని, దానితో చనిపోవచ్చని అతనికి తెలుసు. అతని భ్రమలు అతని కాలి విషయంలో అడ్డం రాలేదు. కాబట్టి అతని మాట చెల్లుతుందని, అనుమతి లేకుండా కాలు తీయకూడదని తీర్పు వచ్చింది.

నిర్ణయ సామర్థ్యం అనేది మనిషికి మొత్తంగా అంటించే ముద్ర కాదని, ఫలానా సమయంలో, ఫలానా నిర్ణయానికి సంబంధించి మాత్రమే చూడవలసిందని దీనివల్ల స్థిరపడింది. ఉదయం తేటగా ఉండి సాయంత్రానికి అయోమయంలో పడే వృద్ధులు ప్రతి వార్డులోనూ ఉంటారు. వారిని ఉదయం అడగడం మన బాధ్యత. ఆస్తి లెక్కలు చూసుకోలేని మనిషి సూది వేయించుకోవాలో వద్దో చెప్పగలడు. ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే 2005 నాటి మానసిక సామర్థ్య చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, ఎదుటివారికి తెలివితక్కువగా కనిపించే నిర్ణయం తీసుకున్నంత మాత్రాన ఆ మనిషికి సామర్థ్యం లేదనుకోకూడదని, అర్థం చేసుకోవడానికి అవసరమైన సాయమంతా చేసి చూడకుండా ఆ మాట అనకూడదని రాసుకుంది. 2002లో, మెడ కింద శరీరం చచ్చుబడి వెంటిలేటర్ మీద ఉన్న 'బి' అనే మహిళ దాన్ని తీసేయమన్నప్పుడు కూడా, నిర్ణయం మనకు ఎంత బాధ కలిగించేదైనా ఆ బాధను సామర్థ్య నిర్ణయంలోకి రానివ్వవద్దని న్యాయమూర్తి వైద్యులను హెచ్చరించవలసి వచ్చింది.

ఈ కొలబద్దలన్నీ నాకు సమ్మతమే. నా ఫిర్యాదల్లా, వాటిని బీరువాలోంచి బయటకు తీసే సమయం గురించే. 'సి'కి పెట్టిన ఆ మూడు పరీక్షలనూ రేపు ఆపరేషన్‌కు వెళ్లబోయే వార్డు మొత్తానికి పెడితే ఎంతమంది నెగ్గుతారు? మతి చెడినవాడని ముద్ర పడిన ఆ మనిషికి తన కాలి గురించి తెలిసినంతగా, ఏ ముద్రా లేని మన రోగులకు తమ శరీరాల గురించి తెలుస్తోందా?

దీనికి తోటి వైద్యులు చెప్పే సమాధానం తేలిగ్గా తీసిపారేయదగింది కాదు. కాదంటే మనిషి చనిపోవచ్చు, ఔనంటే బాగుపడతాడు, కాబట్టి కాదన్నప్పుడే ఎక్కువ జాగ్రత్త పడటం న్యాయమే కదా అంటారు. నీతిశాస్త్రంలో దీనికి గౌరవనీయమైన స్థానమే ఉంది. నిర్ణయం వల్ల వచ్చే ముప్పు పెరిగేకొద్దీ సామర్థ్యానికి పెట్టే కొలత కూడా పెరగాలని జేమ్స్ డ్రేన్ వంటి నీతిశాస్త్రవేత్తలు 1980లలోనే వాదించారు. జలుబు మందు వద్దన్నవాణ్ణి ఎవరూ ప్రశ్నించనక్కర్లేదు, మెదడుపొర వాపుకు మందు వద్దన్నవాణ్ణి తప్పకుండా ప్రశ్నించాలి. నేను ఒప్పుకుంటాను. అయితే ఆ సూత్రాన్ని సగంలో ఆపకూడదు. ముప్పు పెరిగేకొద్దీ కొలత పెరగాలంటే, బతుకు నెలల్లో మిగిలి ఉన్న మనిషి అతి కష్టమైన శస్త్రచికిత్సకు సరేనన్నప్పుడు కూడా అదే కొలత పెట్టాలి. ఐసీయూలో వారాల తరబడి గొట్టాల మధ్య గడపవలసి రావచ్చని తెలిసే సరేనన్నాడా అని అడగాలి. అక్కడ ఎవరూ మానసిక వైద్యుణ్ణి పిలవరు. అంటే మనం కొలుస్తున్నది ముప్పును కాదు, మన సలహాతో రోగి ఏకీభవించాడా లేదా అన్నదాన్ని.

ఈ మొగ్గు ఎంత లోతుగా ఉంటుందో చెప్పడానికి నదీన్ మాంట్‌గొమరీ కేసు కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. స్కాట్లాండ్‌కు చెందిన ఆమెకు మధుమేహం ఉంది, మనిషి పొట్టి, కడుపులో బిడ్డ పెద్దది. మధుమేహం ఉన్న తల్లులకు సాధారణ కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కునే ప్రమాదం నూటికి తొమ్మిది, పది వరకు ఉంటుంది. బిడ్డ బయటకు రాగలడా అని ఆమె ఆందోళన వ్యక్తం చేసింది కూడా. వైద్యురాలు ఆ ప్రమాదం గురించి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే ప్రతి తల్లీ సిజేరియనే కావాలంటుందని, అది తల్లులకు మేలు కాదని వివరణ ఇచ్చారు. 1999లో కాన్పులో భుజం ఇరుక్కుని, ఆక్సిజన్ అందక, బిడ్డ మెదడు దెబ్బతింది. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెబుతూ, ఏం చెప్పాలన్నది వైద్యుల ఆనవాయితీని బట్టి కాదు, ఆ రోగి స్థానంలో ఉన్న మనిషికి ఏది ముఖ్యమనిపిస్తుందో దాన్ని బట్టి తేలాలని స్థిరపరచింది. తీర్పు సంగతి అలా ఉంచి, ఆ వివరణను ఒకసారి నిదానంగా చదివి చూడండి. నిజం చెబితే కాదంటుంది కనుక నిజం చెప్పలేదు. దాన్ని సమ్మతి అని ఎలా అంటాం?

చెప్పవలసిన సమాచారం ఎంత అన్న ప్రశ్నకు ఆస్ట్రేలియా హైకోర్టు 1992లో మేరీ విటేకర్ కేసులో ఇచ్చిన జవాబు నాకు ఇంకా నచ్చుతుంది. చిన్నతనంలోనే ఆమె కుడికన్ను దాదాపుగా పోయింది. ఆ కంటి రూపం మెరుగవుతుందని, చూపు కూడా కొంత రావచ్చని సర్జన్ ఆపరేషన్ సూచించారు. బాగున్న ఎడమకన్నుకు ఏమీ కాకూడదని ఆమె పదే పదే అడిగింది, పొరపాటున దాని మీద కత్తి పడకుండా ఏదైనా కప్పి ఉంచవచ్చా అని కూడా అడిగింది. ఒక కంటికి ఆపరేషన్ చేస్తే అరుదుగా రెండో కన్ను కూడా దెబ్బతినే జబ్బు ఒకటుంది. దాని అవకాశం సుమారు పద్నాలుగు వేలలో ఒకటి. అంత అరుదైనది కదా అని, దాని గురించి ఆమె ప్రత్యేకంగా అడగలేదు కదా అని సర్జన్ ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. అదే జరిగింది, ఆమెకు చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఉన్నది ఒకే కన్నయినప్పుడు పద్నాలుగు వేలలో ఒకటి చిన్న సంఖ్య కాదని కోర్టు గ్రహించింది. సంఖ్యల జాబితా చదివి వినిపించడం వల్ల మాత్రం పని జరగదు. ఏది పోతే ఈ మనిషి బతుకు తలకిందులవుతుందో ముందుగా కనుక్కుంటే, జాబితాలో ఏది పైకి తీసుకురావాలో దానంతటదే తెలుస్తుంది. గాయకుడికి నేను గొంతులో వేసే గొట్టం గురించి చెప్పవలసిన తీరు వేరు, కంచు గొంతుతో పనిలేనివాడికి చెప్పవలసిన తీరు వేరు.

చెప్పే తీరులో ఇంకో చిక్కు ఉంది. 1982లో మెక్‌నీల్, ట్వర్‌స్కీ తదితర పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషనా, రేడియేషనా అన్న ఎంపికను రోగులకు, విద్యార్థులకు, వైద్యులకు ఇచ్చి చూశారు. ఆపరేషన్‌లో నూటికి పదిమంది చనిపోతారని చెప్పినప్పటి కంటే, తొంభై మంది బతుకుతారని చెప్పినప్పుడు ఆపరేషన్‌ను ఎంచుకున్నవారు ఎక్కువయ్యారు. లెక్క ఒకటే. వైద్యులు సైతం అదే వలలో పడ్డారన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. కనుక నేను రెండు వైపుల నుంచీ చెబుతాను: ఇలాంటివారు వందమంది ఉంటే తొంభై మంది బయటపడతారు, పదిమంది పడరు, మీరు ఏ వైపు ఉంటారో నేను ముందుగా చెప్పలేను.

సమాచారం ఇచ్చేసి చేతులు దులుపుకోవడాన్ని కూడా కొందరు స్వయంనిర్ణయాన్ని గౌరవించడం అంటున్నారు. "ఇదీ పరిస్థితి, ఇవీ దారులు, ఏది కావాలో మీరే చెప్పండి" అని హోటల్లో మెనూ ఇచ్చినట్లు ఇచ్చి నిలబడతారు. రోగి బెదిరిపోయి, "మీ ఇంట్లోవాళ్లకైతే మీరేం చేస్తారు డాక్టరు గారూ" అని అడిగితే, అది మేం చెప్పకూడదంటారు. నాకిది మర్యాద ముసుగు వేసుకున్న తప్పించుకోవడంగా కనిపిస్తుంది. రోగి మన దగ్గరకు వచ్చింది సలహా కోసం. సలహా ఇవ్వాలి, కారణాలతో సహా ఇవ్వాలి, అయితే దానికి ముందు అతనికి ఏది ముఖ్యమో అడిగి తెలుసుకుని ఇవ్వాలి. ఎక్కువకాలం బతకడమా, నొప్పి లేకుండా ఉండటమా, ఎవరి మీదా ఆధారపడకుండా ఉండటమా, కొన్ని నెలల్లో జరగబోయే ఏదో ఒక సందర్భం దాకా నిలవడమా అన్నది తెలియకుండా ఇచ్చే సలహా నా అభిరుచి అవుతుంది గాని అతనికి పనికొచ్చే సలహా కాదు.

అలాగే, వద్దన్న రోగి చేత, వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్లిపోతున్నానని సంతకం పెట్టించుకుని పంపించేయడం కూడా గౌరవం కాదు. వద్దనడం వెనక చాలాసార్లు సరిచేయగల కారణం ఒకటి ఉంటుంది. ఒకాయన వెన్నులో సూది అంటే పడదని మోకాలి ఆపరేషనే మానుకుంటానన్నారు. కారణం అడిగితే, ఆ సూదితో నడుం శాశ్వతంగా పడిపోయిందని ఎవరో చెప్పగా విన్నారు. వేరే పద్ధతిలో మత్తు ఇవ్వవచ్చని చెప్పగానే ఆపరేషన్ మీద ఆయనకు అభ్యంతరమే లేకపోయింది. కారణాలన్నీ విన్నాక, సరిచేయగలిగినవన్నీ సరిచేశాక కూడా కాదంటే అది ఆ మనిషి మాట. ఆ తర్వాత కూడా అతను మన రోగే, నొప్పికి మందు ఇవ్వాలి, మనసు మారితే తలుపు తెరిచి ఉంచాలి.

బలవంతంగానైనా బతికిస్తే తర్వాత అతనే సంతోషిస్తాడు కదా అనే వాదనకు డాక్స్ కోవార్ట్ జీవితమే పెద్ద చిక్కు. టెక్సస్‌లో 1973లో జరిగిన గ్యాస్ పేలుడులో తండ్రిని పోగొట్టుకుని, తాను శరీరంలో మూడింట రెండు వంతుల దాకా కాలిపోయి, చూపు పోయి, నెలల తరబడి భరించలేని నొప్పితో చికిత్స పొందుతూ, నన్ను వదిలేయమని వేడుకున్నాడు. అతని బుద్ధి స్థిమితంగానే ఉందని మానసిక వైద్యుడు చెప్పినా చికిత్స ఆపలేదు. అతను బతికాడు, న్యాయశాస్త్రం చదివి లాయరయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, 2019లో చనిపోయేదాకా ఒకటే మాట చెబుతూ వచ్చాడు: బతికి ఉన్నందుకు సంతోషమే, కాని నా మాట వినకపోవడం తప్పే. రెండూ ఒకే నోట ఎలా వస్తాయని చాలామంది విసుక్కుంటారు. నాకు అందులో వైరుధ్యం కనిపించదు. ఫలితం మంచిదైనంత మాత్రాన, నిర్ణయించే హక్కు లేనివాళ్లు నిర్ణయం తీసుకున్న సంగతి చెరిగిపోదు. అప్పట్లో ఆ కాలిన గాయాలకు నొప్పిమందులు సరిపడా ఇవ్వలేదన్న అతని ఫిర్యాదు కూడా ఈ వాదోపవాదాల్లో మరుగున పడిపోతుంటుంది. నొప్పి తగ్గించి అడిగి ఉంటే అతని జవాబు ఏమై ఉండేదో అడగనివాళ్లకు ఎలా తెలుస్తుంది?

కుటుంబం గురించి కొంచెమే చెబుతాను. రోగికి జబ్బు పేరు చెప్పవద్దని బంధువులు కోరడం ఏదో ఒక సమాజపు లక్షణమని అనుకోనవసరం లేదు. 1961లో షికాగోలో ఓకెన్ అనే వైద్యుడు తోటి వైద్యులను సర్వేలో అడిగినప్పుడు 90 శాతం వైద్యులు క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడమే మంచిదన్నారు. 1979లో అమెరికాలోనే మరో సర్వేలో 97 శాతం చెప్పడమే మంచిదన్నారు. పద్దెనిమిదేళ్లలో రోగుల గుండెలు గట్టిపడలేదు, వైద్యుల ఆలోచన మారింది. తనకు ఏమీ చెప్పవద్దని, అన్నీ కొడుకుతోనో భార్యతోనో మాట్లాడమని రోగి స్వయంగా అంటే అది కూడా అతని నిర్ణయమే, దాన్ని గౌరవించాలి. ఆ మాట అతని నోటి నుంచి రావాలి, గుమ్మం బయట నిలబడ్డ బంధువు నోటి నుంచి కాదు. "మీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారు, ఎవరితో మాట్లాడమంటారు" అని అడగడానికి నిమిషం కూడా పట్టదు.

రోగి మాట్లాడలేని స్థితిలో అతని ముందస్తు మాటను ఎలా పాటించాలన్నది నా పనిలో ఒక విచిత్రమైన రూపంలో ఎదురవుతుంది. గుండె ఆగితే మళ్లీ కొట్టించే ప్రయత్నం చేయవద్దని రాసిచ్చిన రోగికి తుంటి ఎముక విరిగితే, నొప్పి తగ్గడం కోసం ఆపరేషన్ చేయవలసి వస్తుంది. మత్తు మందులే రక్తపోటును పడగొడతాయి, శ్వాసను ఆపుతాయి. దాన్ని ఎత్తి నిలబెట్టడమే మా రోజువారీ పని. వార్డులో ప్రాణం నిలబెట్టే చర్య అనిపించేది థియేటర్‌లో మామూలు మత్తులో భాగం. థియేటర్ గుమ్మం దాటగానే ఆ కాగితం దానంతటదే రద్దయినట్లే అన్నది ఒకప్పటి ఆనవాయితీ. ఇప్పుడు మత్తు వైద్యుల సంఘాల మార్గదర్శకాలు అలా రద్దు చేయడాన్ని తప్పుపట్టి, ముందే కూర్చుని మళ్లీ మాట్లాడమంటున్నాయి. ఇలాంటి స్థితిలో ఉన్న ఒక పెద్దాయనతో మాట్లాడినప్పుడు ఆయన చాలా తేటగా చెప్పారు: "మీ మందు వల్ల ఏమైనా అయితే మీరు సరిచేయండి. నా జబ్బు వల్ల అయితే వదిలేయండి." మేం రాసుకునే పత్రాల్లో ఎక్కడా అంత స్పష్టత ఉండదు. ఆ మాటను ఆయన చెప్పినట్లే కేస్ షీట్‌లో రాశాను, సర్జన్ చేత, థియేటర్ నర్సు చేత చదివించాను, గుండెను నొక్కడం వద్దని, రక్తపోటు పెంచే మందులు ఇవ్వవచ్చని, గొట్టం వేస్తే ఆపరేషన్ అయ్యాక ఎంతసేపట్లో తీసేయాలని విడివిడిగా రాశాను. మొదట రాసిచ్చిన మాట ఎన్నింటి నుంచి మళ్లీ పూర్తిగా అమల్లోకి వస్తుందో కూడా సమయం వేసి రాయాలి. ఆ గడియ రాయకపోతే, ఆయన్ను ఎన్నడూ చూడని రాత్రి డ్యూటీ డాక్టరు తెల్లవారుజామున మంచం పక్కన నిలబడి ఊహించుకోవలసి వస్తుంది.